ఆ అక్షరాలు హిట్లర్‌వి కావు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో కుర్రాళ్ళ టీషర్టులు, బైకు స్టిక్కర్ల మీద ఒక పేజీ వేశారు. అందులో ఒక ఫొటో కింద, లావుగా నల్లగా కోసుగా ఉన్న ఇంగ్లీషు అక్షరాల్ని చూపించి 'నాజీ అక్షరాలు' అని రాశారు. రెండే ముక్కలు. రాసినవాళ్ళు ఏ వెబ్‌సైట్లోనో చూసి రాసి ఉంటారు, చదివినవాళ్ళు కూడా చాలామంది పేజీ తిప్పేసి ఉంటారు. కానీ ఆ మాట తప్పు. ఆ తప్పు నా షాపు మెట్లెక్కి వచ్చింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది, దయచేసి మొత్తం చదవండి.

నాది తెనాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా డీటీపీ, స్క్రీన్ ప్రింటింగ్ పని. అంతకుముందు మా నాన్న ట్రెడిల్ మిషన్ మీద పెళ్ళి కార్డులు, కరపత్రాలు వేసేవాడు, నేను అక్షరాలు కేసుల్లో సర్దుతూ పెరిగాను. మొన్న నెలలో మా పేట కుర్రాళ్ళు వాలీబాల్ జట్టు కట్టుకుని, పద్నాలుగు జెర్సీల మీద జట్టు పేరు వేయమని వచ్చారు. (పేరు ఇక్కడ రాయను, పిల్లల ఊసు పేపర్లోకి ఎందుకు.) నల్ల జెర్సీ, తెల్ల అక్షరాలు. 'బాబాయ్, ఆ బీరు సీసాల మీద ఉంటాయే, ఆ టైపు కావాలి' అన్నాడు కెప్టెన్ కుర్రాడు, పక్కవాడు వాడి డొక్కలో పొడిచి 'కాదు బాబాయ్, సర్టిఫికెట్ల మీద ఉంటాయే, అవి' అన్నాడు. ఇద్దరూ అడిగింది ఒకటే. బ్లాక్‌లెటర్ అంటారు దాన్ని. మా పనివాళ్ళం 'ఓల్డ్ ఇంగ్లిష్' అనేస్తాం, ఎందుకంటే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌తో పాటు కంప్యూటర్లోకి వచ్చే ఫాంటు పేరు అదే. వాళ్ళకి నేను వేసింది మాత్రం దానికంటే లావైనది. స్క్రీన్ ఎక్స్‌పోజ్ చేసి, రెండు రాత్రులు కూర్చుని వేశాను. బాగా వచ్చాయి.

మంగళవారం ఆ జట్టులో ఒక కుర్రాడి తండ్రి మొత్తం పద్నాలుగూ సంచిలో పెట్టుకుని వచ్చాడు, చేతిలో మీ పేపరు ముక్క. 'ఏవండీ, మీరు పెద్దవాళ్ళు, మీకు తెలియదా ఇవి హిట్లర్ అక్షరాలని? మావాడు రేపు అమెరికా చదువుకి అప్లై చేస్తాడు, ఈ ఫొటో ఎక్కడన్నా పడితే?' అన్నాడు. ఆయన గొడవ పెట్టుకోలేదు, టెన్షన్ పడుతున్నాడు. వెనకాల ఆ కుర్రాడు తలొంచుకుని నించున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు కానీ పేపర్లో అచ్చయిన మాట ముందు నా నోటిమాట ఎక్కడ ఆగుతుంది? అందుకే మీకు రాస్తున్నాను, ఆయనకి చెప్పిందే మీకూ చెబుతాను.

ముందు ఆ ఫాంటు సంగతి. నేను జెర్సీల మీద వాడింది గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే యూనిఫ్రాక్టూర్ కుక్. ఆ పేరులో కుక్ ఎవరంటే, రూడోల్ఫ్ కోఖ్ అనే జర్మన్ అక్షరశిల్పి. జర్మన్ భాషలో కోఖ్ అంటే వంటవాడు, అదే ఇంగ్లీషులోకి మార్చి పెట్టుకున్నారు. కోఖ్ 1876లో పుట్టాడు, ఓఫెన్‌బాఖ్ అనే ఊళ్ళో అచ్చక్షరాలు పోతపోసే క్లింగ్‌స్పోర్ టైపు ఫౌండ్రీలో పనిచేశాడు. ఈ లావు అక్షరాలు ఆయన 1910లో చేసినవి. హిట్లర్ గద్దెనెక్కింది 1933లో, కోఖ్ పోయింది 1934లో. అంటే ఈ అక్షరాలకి ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి గానీ హిట్లర్ అధికారంలోకి రాలేదు. ఇదే కోఖ్ 1927లో కాబెల్ అని ఒక సన్నటి, శుభ్రమైన, ఏ అలంకారమూ లేని అక్షరాన్ని కూడా చేశాడు, ఇప్పటికీ పోస్టర్ల మీద కనబడుతూ ఉంటుంది, దాన్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఒకే మనిషి, ఒకే చెయ్యి.

కోఖ్ కూడా దీన్ని కొత్తగా కనిపెట్టలేదు. ఈ కోసు అక్షరాల వయసు ఎనిమిది వందల ఏళ్ళకి పైమాటే. ఐరోపా మఠాల్లో సన్యాసులు పక్షి ఈకని వెడల్పుగా చెక్కి, ఏటవాలుగా పట్టుకుని రాసేవారు. అలా పట్టుకుంటే నిలువు గీత లావుగా పడుతుంది, మూలకి వచ్చేసరికి సన్నబడుతుంది. వంపు తిప్పాల్సిన చోట తిప్పకుండా, కలం ఎత్తి మళ్ళీ పెట్టి విరిచేస్తారు. అందుకే వీటిలో ఒక రకానికి ఫ్రాక్టూర్ అని పేరు, లాటిన్‌లో విరిగినది అని. ఎముక విరిగితే డాక్టరు ఫ్రాక్చర్ అంటాడే, అదే మాట. మన తెలుగు దీనికి పూర్తిగా ఎదురు. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం మనది, అడ్డంగా గట్టిగా గీస్తే ఆకు చీలుతుంది, అందుకే గుండ్రంగా తిప్పుకున్నారు అని మా నాన్న చెబుతుండేవాడు. 'ల' రాయడానికి చెయ్యి ఎక్కడా ఆగదు. అక్కడ 'ఎన్' రాయడానికి నాలుగైదు చోట్ల ఆగుతుంది. ఆ ఆగిన చోట్లే దాని అందం.

ఇందులో అన్నిటికంటే పాతదాన్ని టెక్స్చూరా అంటారు, అంటే నేత. పేజీ దూరం నుంచి చూస్తే గుడ్డ నేసినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఈ ఒక్క మాట పట్టుకుంటే ఈ అక్షరాలతో ఎలా పని చేయాలో సగం తెలిసిపోతుంది. అక్షరం లోపలి తెలుపు, అక్షరానికీ అక్షరానికీ మధ్య తెలుపు దాదాపు ఒకేలా ఉండాలి, మగ్గం మీద పడుగు దారాలు సమంగా ఉన్నట్టు. ఎక్కడ ఒక దారం ఎడమైనా చీర మొత్తం మీద అదే కనబడుతుంది. నేను ఈ జెర్సీల మీద జట్టు పేరులో అక్షరాల మధ్య ఎడం తగ్గించడానికే ఒక పూట కూర్చున్నాను. రెండు అక్షరాల మధ్య వెంట్రుకవాసి ఎక్కువైందని చెరిపి మళ్ళీ తీశాను.

గూటెన్‌బర్గ్ జర్మనీలోని మైంజ్‌లో 1455 ప్రాంతంలో బైబిలు అచ్చు వేశాడే, పేజీకి నలభై రెండు లైన్లది, అది ఈ టెక్స్చూరాలోనే. దాని కోసం ఆయన పోత పోయించుకున్న అచ్చుముక్కలు సుమారు 290 రకాలు. ఇంగ్లీషు వాడికి వింతగా ఉంటుందేమో, ఇరవై ఆరు అక్షరాలకి 290 ఏమిటని. తెలుగు కేసు ముందు నిలబడ్డవాడికి వింత లేదు. ఒకే అక్షరానికి సన్నది, వెడల్పుది, పక్క అక్షరంతో కలిసింది అని వేరువేరుగా చేయించుకున్నాడు, లైను చివర్లు సమంగా రావాలని. మనం గుణింతాలకీ ఒత్తులకీ పడ్డ తిప్పలే. మా నాన్న కేసులు చూసిన కంటితో ఆ బైబిలు పేజీ ఫొటో మొదటిసారి చూసినప్పుడు నాకు గూటెన్‌బర్గ్ మా వీధిలో మనిషిలాగే అనిపించాడు.

తర్వాత మార్టిన్ లూథర్ జర్మన్‌లోకి అనువదించిన బైబిలు. కొత్త నిబంధన జర్మన్‌లో 1522లో విటెన్‌బర్గ్‌లో అచ్చయింది, అది ష్వాబాహర్ అనే రకంలో, అదీ బ్లాక్‌లెటరే, కాకపోతే కాస్త గుండ్రం. మాక్సిమిలియన్ చక్రవర్తి కోసం 1513లో వేసిన ప్రార్థన పుస్తకంతో ఫ్రాక్టూర్ మొదలైంది. ఇంగ్లండులో కింగ్ జేమ్స్ బైబిలు మొదటి ముద్రణ, 1611లో, అదీ బ్లాక్‌లెటర్. మా గుంటూరు వైపు చర్చిల వార్షికోత్సవం కార్డులకి ఇవే అక్షరాలు కావాలని అడుగుతారు, ఎందుకు అడుగుతున్నారో వాళ్ళకి తెలియకపోవచ్చు, కానీ ఊరికే రాలేదు ఆ అలవాటు. ప్లీడరు గార్లు 'బ్లాక్ లెటర్ లా' అంటారు, అందులో ఇక వాదనకి తావులేని చట్టం అని. అదీ ఇందులోంచే వచ్చింది, పాత చట్టాల పుస్తకాలు ఈ అక్షరాల్లో ఉండేవి.

ఒక సంగతి మీకు తెలిసే ఉంటుంది, తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాల్లో చెప్పుకునేవి బెంజమిన్ షుల్జ్ వేయించినవి, 1746లో, ఇప్పటి జర్మనీలోని హాలే పట్టణంలో. మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్న పాదిరీ. ఆ రోజుల్లో జర్మన్ పుస్తకాలు దాదాపు అన్నీ ఫ్రాక్టూర్‌లోనే వచ్చేవి. మన గుండ్రటి అక్షరం మొదటిసారి సీసంలోకి దిగింది ఈ విరిగిన అక్షరాల ఊళ్ళోనే అని తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది, మీకెలా ఉంటుందో తెలియదు.

ఇక హిట్లర్ సంగతి. ఇందులో నిజం ఎంతో అంత చెప్పాలి, తగ్గించి చెబితే నేనూ మీలాగే తప్పు చేసినట్టు. 1933 తర్వాత నాజీలు ఈ అక్షరాల్ని 'అసలైన జర్మన్ అక్షరాలు' అని నెత్తికెత్తుకున్న మాట నిజం. పోస్టర్లు, కరపత్రాలు, ప్రభుత్వ కాగితాలు వీటితో నింపారు. టానెన్‌బర్గ్ లాంటి కొత్త టైపులు కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి, అవి పాతవాటిలా కలం నడకతో ఉండవు, వంకర్లన్నీ చెక్కేసి నిటారుగా, బూట్లేసుకుని కవాతు చేస్తున్నట్టు ఉంటాయి. అక్కడి అచ్చు పనివాళ్ళే వాటికి బూట్ల పేరు పెట్టి వెక్కిరించారు. ఈనాడు కూడా హిట్లర్ని పూజించే మూకలు కొన్ని తమ బ్యానర్ల మీద బ్లాక్‌లెటర్ వాడుతున్నాయి, అదీ నిజమే.

కానీ ఆ తర్వాత జరిగింది మీ పేజీలో లేదు. 1941 జనవరి 3న హిట్లర్ తరఫున, నాజీ పార్టీ పెద్దల్లో ఒకడైన మార్టిన్ బోర్మన్ సంతకంతో ఒక సర్క్యులర్ వచ్చింది. ఈ గోతిక్ అక్షరాల్ని (బ్లాక్‌లెటర్‌కే ఇంకో పేరు) జర్మన్ అక్షరాలు అనడం తప్పు, నిజానికి ఇవి 'ష్వాబాహర్ యూదు అక్షరాలు', ఇకనుంచి మామూలు రోమన్ అక్షరాలే వాడాలి అని అందులో ఉంది. యూదులు వీటిని తయారు చేశారన్నది పచ్చి అబద్ధం, దానికి ఏ ఆధారమూ లేదు. అసలు కారణంగా చరిత్రకారులు చెప్పేది ఏమిటంటే, అప్పటికి సగం ఐరోపాని ఆక్రమించుకున్నారు, అక్కడి జనం ఈ అక్షరాలు చదవలేరు, ఉత్తర్వులు చదవలేకపోతే పాలించడం ఎలా? ఇంకో సంగతి, ఆ సర్క్యులర్ కాగితం పైన అచ్చయిన పార్టీ పేరు అదే కోసు అక్షరాల్లో ఉంది! కొత్త లెటర్‌హెడ్ వేయించుకునేంత తీరిక కూడా లేకుండా నిషేధించారు. అక్కడితో జర్మనీలో రోజువారీ చదువుకి ఈ అక్షరాలు పోయాయి, యుద్ధం తర్వాత తిరిగి రాలేదు. నాలుగు వందల ఏళ్ళు చదివిన అక్షరాలు ఒక్క కాగితంతో పోయాయి. ఇప్పటి జర్మన్ పిల్లలు ముత్తాత పుస్తకం తీస్తే తడుముకుంటూ చదవాల్సి వస్తుంది. పొడుగు 'ఎస్' అని ఒకటి ఉంటుంది వీటిలో, మాట మధ్యలో వస్తే పొడుగుది, చివర్లో వస్తే పొట్టిది, ఆ పొడుగుదాన్ని చూసి పిల్లలు 'ఎఫ్' అనుకుంటారు. మన పిల్లలు పాత పుస్తకంలో అరసున్న చూసి ఇదేమిటి తాతయ్యా అన్నట్టే.

నాజీలే యూదు అక్షరాలని పేరు పెట్టి వెళ్ళగొట్టినవాటిని, ఎనభై ఏళ్ళ తర్వాత మనం నాజీ అక్షరాలంటే ఎలాగండీ?

పారిస్‌లో ల మోంద్ అని పేపరుంది కదా. అది మొదలైంది 1944 డిసెంబరులో. నాజీలు పారిస్ వదిలిపోయి నాలుగు నెలలు కూడా పూర్తిగా కాలేదు, ఊరి గోడల మీద తూటాల గుర్తులు ఇంకా ఉన్నాయి. ఆ పేపరు తన పేరుని మొదటి రోజు నుంచీ బ్లాక్‌లెటర్‌లోనే వేసుకుంది, ఇప్పటికీ అలాగే వేసుకుంటోంది. నాలుగేళ్ళు నాజీల కింద నలిగినవాళ్ళకి ఆ అక్షరాల్లో నాజీలు కనబడలేదు, ఎందుకంటే వాళ్ళకి తమ ఊళ్ళో పాత పేపర్లు గుర్తున్నాయి. న్యూయార్క్ టైమ్స్ పేరు చూడండి, లండన్ డైలీ టెలిగ్రాఫ్ చూడండి. న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు 1967లో ఆ పేరు చివర ఉన్న చుక్క తీసేశారు, దాని మీద కూడా చర్చ జరిగింది, కానీ అక్షరాలు మాత్రం మార్చలేదు. ఫ్రాంక్‌ఫుర్ట్‌లో ఫ్రాంక్‌ఫుర్టర్ అల్గమైనె అనే పేపరు 2007 వరకు సంపాదకీయ వ్యాఖ్యల శీర్షికలు కూడా ఫ్రాక్టూర్‌లో పెట్టేది, పేరు ఇప్పటికీ అందులోనే. పత్రికలవాళ్ళ అక్షరం సార్ ఇది, మీ వృత్తి అక్షరం. మీరే దాన్ని అలా అనడం నాకు ఎక్కువ బాధ వేసింది.

అలాగని ఎక్కడ పడితే అక్కడ వాడమని నేను చెప్పను. ఇది లావు అక్షరం, ఇవాళ మనకి చూడ్డానికి తప్ప పేజీలకి పేజీలు చదువుకోడానికి కాదు. దీని పని ఒక పేరు, ఒక మాట, మహా అయితే ఒక లైను. జర్మనీలో పల్లెటూరి హోటలు బోర్డులు, బీరు సీసా చీటీలు, రొట్టెల కొట్టు బోర్డులు, మన దగ్గర డిగ్రీ పట్టాల మీద యూనివర్సిటీ పేరు, ఇవన్నీ ఒకటి రెండు మాటలే. మెక్సికోలో, లాస్ ఏంజెలెస్‌లో ఉండే మెక్సికన్ల పేటల్లో గోడల మీద, వంటి మీద పచ్చబొట్లుగా ఇవే అక్షరాలు వేసుకుంటారు, అమ్మ పేరో ఊరి పేరో. కరోనా బీరు సీసా మీద ఉన్నవీ అవే. మా కుర్రాళ్ళు చూసింది కూడా ఆ దారిలోదే, పాటల వీడియోల్లో ర్యాప్ పాడేవాళ్ళ చొక్కాల మీద. అంటే మా తెనాలి జెర్సీ మీదకి ఈ అక్షరం వచ్చిన దారి జర్మనీ నుంచి తిన్నగా కూడా లేదు.

మా పనిలో ఉన్న కుర్రాళ్ళు చాలామంది మీ పేపరు చదువుతారు కాబట్టి, రాసే చోటు దొరికింది కాబట్టి, వాళ్ళ కోసం కూడా రెండు ముక్కలు. అన్నీ క్యాపిటల్స్‌లో పెట్టొద్దు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. పన్నెండేళ్ళ క్రితం ఒకాయన కొత్త షాపు బోర్డుకి కూతురి పేరు, విజయ అని, ఇంగ్లీషులో పెద్దక్షరాలతో ఫ్రాక్టూర్‌లో అడిగాడు. నాకూ ముచ్చటేసి, వేసేశాను. బోర్డు పెట్టాక వీధిలో ఒక్కరు చదవలేకపోయారు. తర్వాత కూర్చుని చూసుకుంటే, ఈ రకంలో 'వి' అక్షరం 'బి'లా ఉంటుంది, 'ఏ' అక్షరం 'యు'లా ఉంటుంది, 'ఐ'కీ 'జె'కీ పాత పద్ధతిలో అచ్చు ఒక్కటే. విజయలో ఇక మిగిలిందేముంది? ఆ అక్షరాల్లో పెద్దవి మాట మొదట్లో ఒక్కటి రావడానికే పుట్టాయి, గుడి ముందు గోపురంలాగా. వరసగా గోపురాలే కడితే గుడి కనబడదు. ఆ బోర్డు నా డబ్బుతో మళ్ళీ చేసిచ్చాను, మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి పెట్టి.

సైజు కూడా. విజిటింగ్ కార్డు మీద ఎనిమిది పాయింట్లలో అడ్రసు ఈ అక్షరాల్లో పెట్టినవాళ్ళని చూశాను. లావు రకంలో చిన్న 'ఇ' లోపల ఉండే కన్ను సూది మొనంత ఉంటుంది, స్క్రీన్ మీద ఇంకు లాగేసరికి పూడిపోతుంది, గుడ్డ మీద అయితే ఇంకా త్వరగా. నేనైతే ఇరవై నాలుగు పాయింట్లకి తగ్గించను, గుడ్డ మీద డెబ్భై రెండుకి తగ్గించను. కింద అడ్రసుకీ ఫోన్ నంబరుకీ మామూలు అక్షరం పెట్టండి. పక్కన తెలుగు కావాలంటే రామభద్ర లాంటి లావు ఫాంటు నిలబడుతుంది, సన్నది పెడితే పులి పక్కన లేడిపిల్లలా ఉంటుంది. ఇంకా ఒకటి, తెలుగు అక్షరాన్నే ఇలా కోసుగా విరగ్గొట్టి ఇవ్వమని ఈ మధ్య అడుగుతున్నారు. నేను చెయ్యను. 'ర'ని మూలలు తిప్పితే అది 'ర' కాదు, వేరే ఏదో, దాని ప్రాణం ఆ గుండ్రంలోనే ఉంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు ఈ అక్షరాల్లో పెట్టుకునే పిల్లలకి కూడా ఒక మాట. కాపీ చేసి అతికించే ఆ అక్షరాలు నిజానికి ఫాంటు కాదు, లెక్కల శాస్త్రంలో వాడే గుర్తులు. గణితంలో కొన్నిటికి ఫ్రాక్టూర్ అక్షరాలే వాడతారు కాబట్టి వాటికి యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చుకునే పట్టికలో, వేరే చోటు ఇచ్చారు. కళ్ళు కనబడనివాళ్ళు ఫోన్ చేత చదివించుకుంటారు కదా, ఆ ఫోన్ మీ పేరుకి బదులు ఒక్కో అక్షరానికీ 'మ్యాథమెటికల్ బోల్డ్ ఫ్రాక్టూర్ క్యాపిటల్' అని చదువుకుంటూ పోతుంది, లేదా ఏమీ చదవకుండా దాటేస్తుంది. మా ఇంటి పక్క ఒకతను చూపులేనివాడు, అతని ఫోన్లో విని నాకు తెలిసింది. బొమ్మగా పెట్టుకోండి, పేరుగా వద్దు.

మళ్ళీ అసలు సంగతికి. ఒక అక్షరం చూసి మనిషిని అనుమానించాలంటే, ఆ అక్షరంతో ఏం రాశారో చూడాలి, పక్కన ఏ గుర్తు పెట్టారో, ఏ రంగులు కలిపారో చూడాలి. ఎర్ర గుడ్డ మీద తెల్ల వలయం, అందులో ఆ వంకర శిలువ, దాని కింద జాతి గురించి నాలుగు మాటలు ఉంటే అప్పుడు అక్షరం ఏదైనా ఒకటే, అది మామూలు ఏరియల్‌లో ఉన్నా నేను అచ్చు వేయను. మా కుర్రాళ్ళ జెర్సీ మీద ఉన్నది వీధి పేరుతో పెట్టుకున్న జట్టు పేరు, వెనకాల నంబరు. అంతే.

నేను అడిగేది ఒక చిన్న సవరణ. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజులో, ఆ అక్షరాలు గూటెన్‌బర్గ్ కంటే ముందు నుంచీ ఉన్నవని, నాజీలే 1941లో వాటిని వద్దన్నారని రెండు లైన్లు వేయండి చాలు. నా పేరు వేయక్కర్లేదు, ఈ ఉత్తరం మొత్తం వేయకపోయినా ఏమీ అనుకోను.

జెర్సీలు నా దగ్గరే ఉన్నాయి, డబ్బు తిరిగి ఇస్తానంటే ఆయన తీసుకోలేదు, 'ముందు ఇది తేలనివ్వండి' అన్నాడు. వాళ్ళ మొదటి మ్యాచ్ ఇంకా పది రోజులుంది. మీ సవరణ వస్తే ఆ కాగితం కత్తిరించుకుని నేనే వాళ్ళింటికి వెళ్తాను, సంచి కూడా పట్టుకుని.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
తెనాలి